మందిరం ఆవరణలో వాలీబాల్ నెట్ ఎందుకు?



గత నెలలో మందిరం ఆవరణలో రెండు సరుగుడు గుంజలు పాతించి వాలీబాల్ నెట్ కట్టించాను. ఆ మరుసటి ఆదివారమే, ఆరాధన అయ్యాక, ఇద్దరు పెద్దలు నన్ను పక్కకు పిలిచి "అయ్యగారూ, ఇది దేవుని మందిరమా, ఆటస్థలమా?" అని అడిగారు. హైదరాబాదు నుంచి ఒక సహోదరుడు ఫోన్ చేసి "మేం చందా ఇచ్చింది ప్రహరీ గోడకండీ, బంతులకు కాదు" అన్నారు. ఒక సహోదరి "ఆటలకొచ్చేవాళ్ళలో సగం మంది మన సంఘం పిల్లలు కాదంట, కొందరి మీద కేసులు కూడా ఉన్నాయంట" అని భయపడింది. ఇవన్నీ మందిరం మీద ప్రేమతో అన్న మాటలే. అందుకే చాటున సర్దిచెప్పకుండా అందరి ముందూ జవాబు చెబుతున్నాను. జవాబు కొంచెం కటువుగా ఉంటే క్షమించి చివరిదాకా చదవండి.

ముందు మీ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. ఆట ఎవరినీ రక్షించదు. రక్షించేవాడు క్రీస్తు ఒక్కడే. "నాలుగు బంతులు కొనిస్తే కుర్రాళ్ళు బాగుపడతారు" అని వేదికల మీద చెప్పే మాటను నేను నమ్మను. పల్నాడువాడు ఎవడూ నమ్మకూడదు. ఎందుకంటే మన నేల మీద అన్నిటికంటే పెద్ద రక్తపాతం ఒక ఆటతోనే మొదలైంది.

కారంపూడి చూసినవాళ్ళకు ఆ కథ చెప్పనక్కరలేదు. 12వ శతాబ్దంలో నలగామరాజు పక్షానికీ మలిదేవరాజు పక్షానికీ కోడిపందెం జరిగింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలన్నది పందెం. రెండు కోళ్ళ పోరు చివరికి అన్నదమ్ముల పోరైంది. శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్రలో ఇంకొక ఆట కూడా ఉంది. బాలచంద్రుడు బొంగరాలు ఆడుకుంటుంటే ఒక బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. అయినవాళ్ళు రణరంగంలో ఉంటే నీకు ఆటలా అన్నట్టు ఆమె ఎత్తిపొడుస్తుంది. కుర్రవాడు బొంగరం వదిలి కత్తి పట్టాడు. మళ్ళీ తల్లి దగ్గరికి రాలేదు. ఆ ఎత్తిపొడుపు ఇప్పటికీ మన ఊళ్ళలో వినబడుతూనే ఉంది. "మనోళ్ళు కొట్లాడుతుంటే ఇంట్లో కూర్చున్నావే, నువ్వేం మగాడివిరా?" ఈ ఒక్క మాటకు ఎంతమంది తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారో పల్నాడుకు తెలుసు.

వాక్యంలోనూ అలాంటి ఆట ఉంది. రెండవ సమూయేలు గ్రంథం రెండవ అధ్యాయం తెరవండి. గిబియోను కొలనుకు ఒక పక్క అబ్నేరు మనుషులు, ఇంకో పక్క యోవాబు మనుషులు కూర్చున్నారు. మన పిల్లలు లేచి మన ముందు ఆడుదురు గాక అన్న భావంతో అబ్నేరు అన్నాడు. సరే అన్నాడు యోవాబు. ఇటు పన్నెండు మంది, అటు పన్నెండు మంది లేచారు. ఒకరి తల ఒకరు పట్టుకుని ఒకరి డొక్కలో ఒకరు కత్తి పొడిచారు. ఇరవైనలుగురూ ఒక్కసారే కూలారు. ఆ చోటికి హెల్కత్హస్సూరీము అని పేరు పడింది. అది అక్కడితో ఆగలేదు. యోవాబు తమ్ముడు అశాహేలు లేడిలా పరుగెత్తేవాడని వాక్యం ప్రత్యేకంగా చెబుతోంది. ఆ పరుగు అతన్ని ఎక్కడికి చేర్చింది? అబ్నేరు ఈటె దగ్గరికి. సాయంత్రానికి, ఆట మొదలుపెట్టిన అబ్నేరే, కత్తి ఎప్పటికీ ఇలా తింటూనే ఉండాలా అని యోవాబును అడిగాడు. ఉదయం అడగవలసిన ప్రశ్న అది.

గమనించండి. లేచి ఆడినవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా ఆ అధ్యాయంలో లేదు. కొలను పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు 2024 మే 13కు రండి. పోలింగు రోజు. మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో ఏం జరిగిందో నేను వర్ణించను, మీరు టీవీల్లో చూశారు, కొందరు కళ్ళారా చూశారు. 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసి, సిట్ దర్యాప్తు వేయించింది. నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఆ రాళ్ళు విసిరిన చేతులు ఎవరివి? కొలను పక్కన కూర్చున్నవాళ్ళ కొడుకులు ఆ వీధుల్లో నాకు కనబడలేదు. వీధిలో ఉన్నవాళ్ళు మిరపకోతకు పోయే తల్లుల బిడ్డలు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో పనిచేసే నాన్నల బిడ్డలు.

ఆ వారంలో ఒక రాత్రి ఒక తల్లి మా ఇంటి తలుపు తట్టింది. కొడుకు పేరు కేసులో ఉందని తెలిసి, ఏం చేయాలో తోచక వచ్చింది. ఆ అబ్బాయి నాకు పసితనం నుంచి తెలుసు. మన సండే స్కూలులో కంఠత వాక్యాలు చెప్పాడు. క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం వేశాడు. కానిస్టేబుల్ అవ్వాలని తెల్లవారుజామున సాగర్ కాలవ గట్టు మీద పరుగెత్తేవాడు. ఆ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అది వాడికి లెక్క కాదు. అశాహేలు కాళ్ళు. కానీ ఉద్యోగానికి ముందు నింపే ఫారంలో మీ మీద కేసులున్నాయా అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ముందు వాడి కాళ్ళు ఆగిపోయాయి. ఇవాళ వాయిదాలకు పోతున్నాడు.

ఆ తల్లి ఏడ్చి, ప్రార్థన చేయించుకుని, లేచి వెళ్ళేముందు ఒక మాట అంది. "ఆదివారం రెండు గంటలు మీ దగ్గరే ఉండేవాడు అయ్యగారూ. మిగతా వారమంతా ఎవరి దగ్గర ఉంటున్నాడో మీరు ఎప్పుడన్నా అడిగారా?"

నేను అడగలేదు. వారంలో 168 గంటలు. రెండు గంటలు నా దగ్గర. మిగతా గంటల్లో వాడికి టీ ఇప్పించినవాడు, బైకులో పెట్రోలు పోయించినవాడు, భుజం మీద చెయ్యేసి "తమ్ముడూ" అని పిలిచినవాడు వేరే ఉన్నాడు. అతను వాడిని ప్రతి సాయంత్రం పేరు పెట్టి పిలిచాడు. మనం ఏడాదికొకసారి యౌవనస్థుల కూటం పెట్టి, స్పెషల్ స్పీకర్ను పిలిచి, పాపం గురించి గట్టిగా చెప్పించి ఇంటికి పంపాం. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి ప్రవక్త అక్కరలేదు.

"మరి ప్రభుత్వం ఆటలు పెడుతోంది కదా, పోలీసులు టోర్నమెంట్లు పెడుతున్నారు కదా, మనమెందుకు?" అంటారేమో. పెడుతున్నారు, మంచిదే. 2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గర నల్లపాడులో "ఆడుదాం ఆంధ్రా" ప్రారంభమైంది. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్. ఊరూరా ఆడారు. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఫైనల్స్ అయ్యాయి. సరిగ్గా మూడు నెలలకు మన వీధుల్లో రాళ్ళు పడ్డాయి. దీనికి ఆ పోటీలను తప్పుపట్టను. అది ఆట తప్పు కాదు. కానీ ఒక సంగతి నేర్చుకుందాం. టోర్నమెంటు పెళ్ళిభోజనం లాంటిది. ఒక పూట కడుపు నిండుతుంది, రేపటి ఆకలిని అది తీర్చదు. ఫైనల్ అయిన మర్నాడు సాయంత్రం 5 గంటలకు ఆ కుర్రవాడు ఎక్కడున్నాడు? ఆ గంటను చూసుకునేవాడు లేకపోతే ఎన్ని కప్పులిచ్చినా వాడు పాత అరుగు మీదికే పోతాడు.

ఇంకొక రకం టోర్నమెంటు ఉంది. సంక్రాంతికి నాయకుల ఫ్లెక్సీ కింద జరుగుతుంది. జెర్సీ మీద నాయకుడి బొమ్మ. నగదు బహుమతి. గెలిచిన జట్టు ఆ రాత్రి నుంచి "మనోళ్ళు". తర్వాత ఎన్నికలొస్తే ఆ జట్టే ఏజెంట్ల వెనక నిలబడుతుంది. ఇది ఆట పేరుతో మందిని పోగుచెయ్యడం. గిబియోను కొలను దగ్గర జరిగింది ఇదే. అక్కడికి మన బిడ్డల్ని పంపించి, మందిరంలో నెట్ కడితే మాత్రం లోకసంబంధమైనదని అభ్యంతరపెట్టడం ఏ న్యాయం, చెప్పండి.

ఇంకొక ఆట అరచేతిలో ఉంది. మన పిల్లలు క్రికెట్ ఆడటం తగ్గిపోయింది, క్రికెట్ మీద ఆడటం పెరిగింది. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా ఐపీఎల్ నెలల్లో నా దగ్గరికి ప్రార్థనకు వచ్చే తల్లుల విన్నపాలు మారలేదు. తాకట్టులో పోయిన పుస్తెలు, అప్పులవాళ్ళ ఫోన్లు, ఆ అప్పు తీర్చడానికి చేసిన మొదటి దొంగతనం. తర్వాత గంజాయి పొట్లం మోసే పని. మెట్టు తర్వాత మెట్టు ఇలాగే దిగుతారు. బంతిని చేతితో కొట్టి చెమట పట్టిన కుర్రవాడికి రాత్రి నిద్ర పడుతుంది. పందెం కాసినవాడికి పట్టదు.

"ఆటలు లోకానివి" అనే పెద్దలకు ఒక సంగతి చెప్పాలి. ఈ వాలీబాల్ ఎక్కడ పుట్టిందో తెలుసా? 1895లో అమెరికాలో హోలియోక్ అనే ఊరి వై.ఎం.సి.ఎ.లో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో, విలియం మోర్గాన్ దీన్ని రూపొందించాడు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఒక తరగతి ఎవరి మాటా వినడం లేదు. ఇద్దరు గురువులు చేతులెత్తేశారు. వేదాంత విద్య చదివిన జేమ్స్ నైస్మిత్ చేతికి ఆ తరగతి వచ్చింది. అతను బాల్కనీకి రెండు పీచు పండ్ల బుట్టలు కట్టించి, 13 నియమాలు రాసి బాస్కెట్‌బాల్ ఆడించాడు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నాడు, ఎందుకంటే పరుగెత్తితే మీదపడి కొట్టుకుంటారు. చూశారా, కుర్రాళ్ళ కోపాన్ని ఎరిగి, ఆ కోపం దెబ్బగా మారకుండా నియమం పెట్టాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాసంస్థను మొదలుపెట్టారు. వ్యాయామోపాధ్యాయుడు అనే వృత్తికి మన దక్షిణాదిలో పెద్ద పునాది అదే. కాబట్టి సహోదరులారా, మందిరంలోకి లోకం ఆటను నేను తేలేదు. మన పూర్వికులు లోకానికిచ్చిన ఆటను మళ్ళీ ఇంటికి తెచ్చాను.

మన రాష్ట్రంలోనే ఇంకొక చోటు చూడండి. అనంతపురం. అక్కడా కరువు ఉంది, అక్కడా ఫ్యాక్షన్ ఉంది. 1969లో అక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్.డి.టి. ఒక క్రీడాగ్రామాన్ని కట్టింది. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ తన ఫౌండేషన్ తరఫున ఆ సంస్థతో కలిసి అక్కడ టెన్నిస్ బడి తెరిచాడు. అక్కడ పేద పిల్లలకు రాకెట్ ఒక్కటే ఇచ్చి వదలరు. ఇంగ్లిష్ నేర్పుతారు, కంప్యూటర్ నేర్పుతారు, పోషకాహారం పెడతారు. నేను ఎక్కువచేసి చెప్పను. 2024 మేలో తాడిపత్రిలోనూ రాళ్ళు పడ్డాయి. ఒక క్రీడాగ్రామం జిల్లా పగలన్నిటినీ ఆర్పలేదు. కానీ ఆ ఆవరణలో సాయంత్రం గడిపే బిడ్డను వీధిలో వెతికేవాడికి ఆ బిడ్డ దొరకడు. నేను అడుగుతున్నది అంతే.

నాగపూర్‌లో క్రైస్తవ మిషనరీ పేరు మీద ఉన్న హిస్లాప్ కాలేజీలో విజయ్ బార్సే అనే వ్యాయామ అధ్యాపకుడు ఉండేవారు. వానలో మురికివాడ పిల్లలు విరిగిన బకెట్ను బంతిలా తన్నుతుంటే చూసి వాళ్ళకు నిజమైన బంతి ఇచ్చారు. 2001లో మొదలైన ఆ పని స్లమ్ సాకర్ అయింది. ఆ బస్తీల్లో నేరాల దారి పట్టిన ఒక యువకుడు దానివల్ల మారి, 2010లో బ్రెజిల్‌లో జరిగిన నిరాశ్రయుల ప్రపంచ కప్పులో మన దేశ జట్టుకు నాయకుడయ్యాడు. బంతి ధర ఎంత? ఆ పిల్లల దగ్గరికి రోజూ వెళ్ళిన ఆ మాస్టారి సాయంత్రాల ధర ఎంత? ఆ కుర్రాళ్ళను పట్టి నిలిపింది రెండవదే.

"శరీర సాధకం కొంచెమే ప్రయోజనమని పౌలు తిమోతికి రాయలేదా?" అని ఒక పెద్దాయన అడిగారు. రాశాడు. కొంచెం అన్నాడు, సున్నా అనలేదు. ఆ పౌలే కొరింథీ సంఘానికి పందెపు పరుగును, తన శరీరాన్ని లోబరచుకోవడాన్ని ఉపమానంగా చెప్పాడు. జెకర్యా ఎనిమిదవ అధ్యాయం చదవండి. దేవుడు బాగుచేసిన యెరూషలేము ఎలా ఉంటుందంటే, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు వీధుల్లో కూర్చుని ఉంటారు, అదే వీధుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. గిబియోనులోనూ పెద్దలు కూర్చున్నారు, పిల్లలు ఆడారు. యెరూషలేములోనూ పెద్దలు కూర్చుంటారు, పిల్లలు ఆడతారు. తేడా అంతా కూర్చున్న పెద్దల మనసులో ఉంది. ఆట ఏదిగా మారుతుందో గట్టు మీద కూర్చున్నవాడు నిర్ణయిస్తాడు. మన ఆవరణలో ఎవరు కూర్చుంటారు? మీరా, ఇంకొకరా?

ఇక మన ఆవరణ నియమాలు చెబుతాను. వీటిలో రాజీ లేదు.

ఒకటి, ఏ నాయకుడి డబ్బూ, ఫ్లెక్సీ, జెర్సీ లోపలికి రావు. ఎవరొచ్చి అడిగినా నేనే వద్దని చెబుతాను, ఆ భారం నాది.

రెండు, పందెం లేదు. కూల్‌డ్రింకు పందెం కూడా లేదు.

మూడు, పేటలవారీగా, కులాలవారీగా, పార్టీలవారీగా జట్లు ఉండవు. చీటీలు వేసి రోజూ జట్లు మారుస్తాం. నిన్న ఎదుటివాడు ఇవాళ నీకు బంతి అందించాలి.

నాలుగు, ఆడపిల్లలకు 4 నుంచి 5.30 దాకా ఆవరణ వాళ్ళదే. అమ్మగారు అక్కడే ఉంటారు.

ఐదు, రోజూ హాజరు పిలుస్తాం. ఎవరైనా వరసగా రెండు రోజులు రాకపోతే సంఘ పెద్ద ఒకరు వాడి ఇంటికి వెళ్ళాలి. ఈ ఐదవ నియమం లేకపోతే మిగతావన్నీ దండగ.

ఆరు, ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని గుగ్గిళ్ళు తినాలి. పల్నాడు కథలో కోడిపందెం ఒక్కటే లేదు. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడు కూడా ఉంది. ప్రభువు బల్ల దగ్గర చేరే మనం ఆ మాత్రం చేయలేమా? ఈ నేల వారసత్వంలో దేన్ని తీసుకోవాలో మనమే ఎంచుకోవాలి.

కేసులున్న కుర్రాళ్ళు వస్తున్నారని భయపడిన సహోదరీ, మీ భయం నాకు అర్థమైంది. కానీ తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాన్ని వెదకిన కాపరి కథను మనం ఎన్నిసార్లు విన్నాం? తప్పిపోయిన గొర్రె దొరికినప్పుడు దాని ఒంటి మీద ముళ్ళు, బురద ఉంటాయి. శుభ్రంగా ఉన్న గొర్రె మాత్రమే రావాలంటే అది వెదకడం కాదు. చెడు నేర్పేవాడు వస్తే ఏం చేయాలో నాకు తెలుసు, మందు, గంజాయి వాసన వస్తే గేటు దగ్గరే ఆపుతాను, 1972కు ఫోన్ చేయడానికీ వెనకాడను. మారాలనుకుని వచ్చినవాడికి మాత్రం గేటు మూయను.

హైదరాబాదు సహోదరునికి ఒక మాట. మీ చందాతోనే ప్రహరీ గోడ కట్టాం, వందనాలు. ఆ గోడ వారానికి ఆరు రోజులు ఖాళీ స్థలాన్ని కాపలా కాసింది. గోడ బయట మన బిడ్డను ఎవరూ కాపలా కాయలేదు. ఇకనుంచి ఆ గోడ మీ చందాకు తగిన పని చేస్తుంది.

నాకు కావలసింది డబ్బు కంటే ముందు మనుషులు. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. లేకపోతే పెద్దలు ఊరికే వచ్చి అరుగు మీద కూర్చోండి. పిల్లల పేర్లు నేర్చుకోండి. నాయకుడికి తెలిసినన్ని పేర్లు సంఘ పెద్దకు తెలియకపోతే అది మన సిగ్గు.

ఆ తల్లి కొడుకు ఇప్పుడు రోజూ వస్తున్నాడు. కేసు ఏమవుతుందో నాకు తెలియదు. ఉద్యోగం వస్తుందని వాడికి నేను మాటివ్వలేదు. కానీ పదేళ్ళ పిల్లలకు పరుగు నేర్పుతున్నాడు. మొన్న ఒక పిల్లవాడు ఓడిపోయి ఏడుస్తూ రాయి అందుకుంటే, వాడి చేతిలోంచి ఆ రాయి తీసి కింద పడేసింది వాడే. నేను అరుగు మీద నుంచి చూశాను. ఆ రోజు నాకు వేరే ప్రసంగం అక్కరలేకపోయింది.

ప్రార్థించుకుందాం. ప్రేమగల తండ్రీ, మా పిల్లల్ని ఇతరులు లెక్కపెట్టుకుంటుంటే మేము లెక్కపెట్టలేదు, మమ్మల్ని క్షమించు. వాయిదాలకు తిరుగుతున్న మా బిడ్డలను, వారి తల్లుల కన్నీళ్ళను చూడు. పల్నాడు వీధుల్లో మా పిల్లలు భయం లేకుండా ఆడుకునే దినం మాకు చూపించు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.

సోమవారం సాయంత్రం 4 గంటలకు గేటు తెరిచే ఉంటుంది. ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.